డేటాబేస్ కనెక్ట్ అయితలేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చేసేవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఊళ్లో బడులకూ దుకాణాలకూ సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలివి. వాళ్ల మాటల్లోనే ఉంచాను. జవాబులు ఎక్కువగా మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ల గురించి. మోంగోడీబీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ అవసరమైన చోట వస్తాయి.

ఎర్రర్ రాంగనే మొదలు ఏ ఫైల్ తెరవాలె?

ఏ ఫైలూ తెరవొద్దు. ముందు ఎర్రర్‌ను చివరిదాకా చదవండి. డేటాబేస్ అన్న మాట కనబడగానే చాలామంది పాస్‌వర్డ్ మార్చేస్తారు. దాంతో కుదరకపోతే మైఎస్‌క్యూఎల్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పటికి అసలు తప్పుకు తోడు కొత్తవి రెండు మూడు చేరి ఉంటాయి.

కనెక్షన్ ఒక్క అడుగులో అయ్యే పని కాదు. అప్లికేషన్ ముందు సర్వర్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చుకోవాలి. ఆ అడ్రస్‌లో సరైన పోర్ట్‌కు, అంటే డేటాబేస్ వినే తలుపు నంబరుకు చేరాలి. అవతల డేటాబేస్ పలికితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తర్వాత ఏ డేటాబేస్ కావాలో చెప్పాలి, దాని మీద ఆ యూజర్‌కు హక్కు ఉండాలి. ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోయామో ఎర్రర్ మాటల్లోనే ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు ఏం వినిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి. "హోస్ట్ నాట్ ఫౌండ్" అంటే మీరు కొట్టిన నంబరే లేదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే అవతల వెంటనే కట్ చేశారు. "టైమ్డ్ అవుట్" అంటే రింగయ్యీ రింగయ్యీ ఆగిపోయింది. "యాక్సెస్ డినైడ్" అంటే ఫోన్ ఎత్తి, నువ్వెవరో నాకు తెలియదన్నారు. ఫోన్ ఎత్తినవాళ్ల విషయంలో నెట్‌వర్క్‌ను అనుమానించడం దండగ. అసలు రింగే కాని చోట పాస్‌వర్డ్ మార్చడమూ అంతే.

మైఎస్‌క్యూఎల్ తన ఎర్రర్లకు అంకెలు ఇస్తుంది. 1045 అంటే లాగిన్ కుదరలేదు, 1049 అంటే ఆ పేరుతో డేటాబేస్ లేదు, 2003 అంటే సర్వర్‌దాకా చేరలేదు. పీహెచ్‌పీలో కనబడే 2002ను మాత్రం అంకె చూసి వదిలేయొద్దు. పక్కనున్న వాక్యం కూడా చదవాలి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అయినా, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అయినా అదే 2002 కింద వస్తుంది, రెండింటికీ మందు వేరు. జావాలో పేజీలకొద్దీ ఎర్రర్ పడుతుంది. అందులో "కాజ్డ్ బై" అని ఉన్నవాటిలో అన్నిటికన్నా కింద ఉన్నది చదవండి. పైవన్నీ దాన్ని మోసుకొచ్చినవే.

తప్పు నా కోడ్‌లనా, సర్వర్‌లనా? ఎట్ల తెలుస్తది?

అప్లికేషన్ ఏ మెషీన్‌లో నడుస్తోందో అదే మెషీన్‌లో కమాండ్ లైన్ తెరిచి, అదే హోస్ట్, అదే పోర్ట్, అదే యూజర్, అదే పాస్‌వర్డ్‌తో డేటాబేస్ క్లయింట్ ద్వారా లాగిన్ అవ్వండి. లోపలికి వెళ్లగలిగితే సర్వర్ బాగానే ఉంది, మీ కాన్ఫిగ్ ఆ వివరాలను అప్లికేషన్‌కు సరిగ్గా అందించడం లేదు. ఇక్కడా అదే ఎర్రర్ వస్తే కోడ్ జోలికి పోవద్దు.

"అదే మెషీన్" అన్న మాట గట్టిగా పట్టుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో వర్క్‌బెంచ్ కనెక్ట్ అయింది కాబట్టి హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న సర్వర్ నుంచి కూడా కావాలన్న రూలేమీ లేదు.

కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తంది. పాస్‌వర్డ్ మస్తు సార్లు చెక్ చేసిన.

పాస్‌వర్డ్ అడిగేదాకా వెళ్లనే లేదు. ఆ అడ్రస్‌లో, ఆ పోర్ట్ మీద వినేవాళ్లెవరూ లేరన్నదే దీని అర్థం. ముందు డేటాబేస్ సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి. నడుస్తుంటే పోర్ట్ చూడండి. మామూలుగా మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, మోంగోడీబీకి 27017.

మన కాలేజీ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా జరిగేది ఇది. డీబీఎంఎస్ ల్యాబ్ కోసం ఒక సెమిస్టర్‌లో మైఎస్‌క్యూఎల్ విడిగా ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. తర్వాత పీహెచ్‌పీ కోసం జాంప్ (XAMPP, వెబ్ సర్వర్, డేటాబేస్, పీహెచ్‌పీ కలిపి వచ్చే ప్యాకేజీ) వేస్తారు. పాతది 3306ను పట్టుకుని ఉంటుంది కాబట్టి జాంప్‌లోది లేవదు. ఎవరో చెప్పారని జాంప్‌ను 3307కు మారుస్తారు. కంట్రోల్ ప్యానెల్‌లో పచ్చరంగు వస్తుంది, సంబరం. అప్లికేషన్ మాత్రం ఇంకా 3306కే వెళ్లి పాత మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడుతుంటుంది. అక్కడ మీ టేబుళ్లు ఉండవు, పాస్‌వర్డ్ కూడా వేరు. పోర్ట్ మారిస్తే పీహెచ్‌పీ మైఅడ్మిన్ కాన్ఫిగ్‌లో, మీ అప్లికేషన్ కాన్ఫిగ్‌లో కూడా మార్చాలి. రెండు సర్వర్లూ ఉంచుకునే అవసరం లేకపోతే ఒకదాన్ని విండోస్ సర్వీసుల్లోకి వెళ్లి ఆపేయడమే మేలు.

నోడ్‌జేఎస్ వాళ్లకు ఇంకో సంగతి. ఎర్రర్‌లో 127.0.0.1కు బదులు ::1:3306 అని ఉందేమో చూడండి. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ (అంటే ఇదే మెషీన్) అన్న పేరుకు సిస్టమ్ ఏ వరుసలో అడ్రసులు ఇస్తే ఆ వరుసలోనే తీసుకుంటుంది. చాలా మెషీన్లలో ఐపీవీ6 అడ్రస్ (::1) ముందొస్తుంది. డేటాబేస్ ఐపీవీ4 మీద మాత్రమే వింటుంటే ఇద్దరూ కలవరు. కాన్ఫిగ్‌లో లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 రాస్తే అయిపోతుంది.

హాస్టల్ వైఫైల టైమ్ అవుట్ అయితది, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే నడుస్తది. ఎందుకు?

హాస్టల్ నెట్‌వర్క్ బయటికి వెళ్లే పోర్టులను మూసి ఉంచింది. బ్రౌజింగ్‌కు కావాల్సిన 80, 443 తప్ప మిగతావి వదలని నెట్‌వర్కులు కాలేజీల్లో మామూలే. 27017 గానీ 5432 గానీ అక్కడ నుంచి బయటికి పోదు. ల్యాబ్ అడ్మిన్‌ను అడిగి తెరిపించుకోవాలి, లేదంటే రివ్యూ రోజు వరకు డేటాబేస్‌ను ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోవాలి. రివ్యూ ప్యానెల్ ముందు కూర్చున్నాక తెలుసుకునే విషయం కాదిది. ముందురోజే అదే గదిలో, అదే వైఫైతో ఒకసారి నడిపి చూడండి.

మోంగోడీబీ అట్లాస్ (మోంగోడీబీని క్లౌడ్‌లో నడిపే సేవ) వాడేవాళ్లు దీన్ని తిరగేసి కూడా చూడాలి. అట్లాస్ మీరు ముందుగా అనుమతించిన ఐపీల నుంచే కనెక్షన్లు తీసుకుంటుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ ఆపి వేస్తే ఐపీ మారొచ్చు, మొబైల్ డేటాలోనైతే అసలు నిలకడే ఉండదు. నిన్న నడిచి ఇవాళ ఆగిపోతే ముందు ఆ జాబితాలో ఇవాళ్టి ఐపీ ఉందో లేదో చూడండి. 0.0.0.0/0 అని పెట్టి ప్రపంచమంతటికీ తెరవడం సులువే. డమ్మీ డేటా ఉన్నంతకాలం పర్వాలేదు, నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు అందులో చేరాక మాత్రం వద్దు.

అట్లాస్‌లోనే "క్వెరీ ఎస్ఆర్‌వీ" అన్న మాటతో ఎర్రర్ వస్తే అది డీఎన్ఎస్ (పేరును ఐపీగా మార్చే వ్యవస్థ) గొడవ. ఆ తరహా కనెక్షన్ స్ట్రింగ్ సర్వర్ల జాబితాను డీఎన్ఎస్‌ను అడిగి తెచ్చుకుంటుంది. కొన్ని రౌటర్లు ఆ ప్రశ్నకు జవాబివ్వవు. ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌ను 8.8.8.8కు మార్చి చూడండి.

యాక్సెస్ డినైడ్, 1045. పాస్‌వర్డ్ కరెక్టే ఉన్నది!

ఈ ఒక్క ఎర్రర్ లైనులో మూడు ఆధారాలుంటాయి. దాన్ని ముక్కలుగా చదవడం నేర్చుకుంటే సగం ప్రశ్నలు అడగక్కర్లేదు.

లైను చివర చూడండి. "యూజింగ్ పాస్‌వర్డ్: నో" అని ఉంటే అప్లికేషన్ అసలు పాస్‌వర్డే పంపలేదు. మీరు డాట్ ఎన్వ్ (పాస్‌వర్డుల్లాంటి సెట్టింగులు రాసుకునే .env) ఫైల్లో రాసింది కరెక్టే కావొచ్చు, కానీ ఆ ఫైలును ఎవరూ చదవలేదు. "ఎస్" అని ఉంటే ఏదో ఒక పాస్‌వర్డ్ వెళ్లింది, సర్వర్ చూసిన ఖాతాకు అది సరిపోలేదన్నమాట.

తర్వాత యూజర్‌నేమ్. మీరు పెట్టిన పేరే ఉందా? పాత లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టుల్లో "ఫోర్జ్" అనే యూజర్‌కు యాక్సెస్ లేదని వస్తుంది. ఆ పేరు మీరెప్పుడూ పెట్టలేదు. అది కాన్ఫిగ్ ఫైల్లో డీఫాల్ట్‌గా ఉండే పేరు, అంటే మీ డాట్ ఎన్వ్ లెక్కలోకే రాలేదు. విండోస్‌లో "ఓడీబీసీ" అనే యూజర్ కనబడితే మీ యూజర్‌నేమ్ ఖాళీగా వెళ్లిందని అర్థం.

మూడోది, @ గుర్తు తర్వాత ఉండే హోస్ట్. చాలామంది దాన్ని డేటాబేస్ సర్వర్ అడ్రస్ అనుకుని కంగారు పడతారు. కాదు, అది సర్వర్‌కు మీరు ఎక్కడి నుంచి వచ్చినట్టు కనబడుతున్నారో ఆ అడ్రస్. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ హోస్టూ కలిసి ఒక ఖాతా. "బిల్లింగ్" అనే యూజర్‌ను లోకల్‌హోస్ట్‌కు తయారుచేసి, కౌంటర్ మీది రెండో కంప్యూటర్ నుంచి అదే పేరుతో వస్తే సర్వర్ దృష్టిలో అది వేరే మనిషి. ఆ హోస్ట్ నుంచి ఎవరికీ ఖాతా లేకపోతే 1130 వస్తుంది. మందు ఒకటే, ఆ ఐపీకో ఆ నెట్‌వర్క్ వరుసకో విడిగా యూజర్‌ను తయారుచేసి హక్కులివ్వాలి.

డాట్ ఎన్వ్ ఫైల్ మార్చిన, అయినా పాత పాస్‌వర్డే తీసుకుంటంది.

లారావెల్ అయితే ఎవరో కాన్ఫిగ్‌ను క్యాష్ చేసి (ఒక కాపీ తీసి దాచి) ఉంటారు. క్యాష్ ఉన్నంతసేపూ డాట్ ఎన్వ్ వైపు అది చూడదు. ఆర్టిసన్‌తో కాన్ఫిగ్ క్లియర్ కమాండ్ ఇవ్వండి. కోడ్‌లో నేరుగా ఎన్వ్ ఫంక్షన్ పిలిచే అలవాటుంటే మానుకోండి, క్యాష్ చేశాక అది ఖాళీ చేతులతో వస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో చదివి, మిగతాచోట్ల కాన్ఫిగ్ ద్వారా తీసుకోవాలి.

నోడ్, జాంగో, స్ప్రింగ్ బూట్ ఏదైనా సరే, ఎన్విరాన్‌మెంట్ విలువలను ప్రాసెస్ మొదలైనప్పుడే తీసుకుంటుంది. ఫైలు సేవ్ చేస్తే చాలదు, రీస్టార్ట్ చేయాలి. సర్వర్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) కింద నడిపితే మీరు టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన విలువలు ఆ సర్వీస్‌కు తెలియవు. దాని యూనిట్ ఫైల్లోనే చెప్పాలి.

విండోస్‌లో ఇంకో తమాషా ఉంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఫైలు పేరు చివర టెక్స్ట్ ఎక్స్‌టెన్షన్ అతుక్కుంటుంది. ఎక్స్‌ప్లోరర్ దాన్ని దాచేస్తుంది కాబట్టి చూడ్డానికి పేరు సరిగ్గానే ఉంటుంది. వ్యూ మెనూలో ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టుకోండి.

వాట్సాప్‌లో పాస్‌వర్డులు పంపించుకోవడం భద్రతాపరంగా తప్పన్న సంగతి అటుంచండి. రెండు నక్షత్రాల మధ్య ఉన్న అక్షరాలను వాట్సాప్ బోల్డ్ చేసి, నక్షత్రాలను మాయం చేస్తుంది. అండర్‌స్కోర్ల మధ్య ఉంటే ఇటాలిక్ చేస్తుంది. స్క్రీన్ చూసి టైప్ చేసేవాళ్లకు పాస్‌వర్డ్‌లో రెండు అక్షరాలు తక్కువే వస్తాయి. వాక్యం చివర చుక్కతో సహా కాపీ చేసుకునేవాళ్లూ ఉన్నారు.

నా పాస్‌వర్డ్‌ల @ ఉన్నది. దాంతోని ఏమన్న అయితదా?

అయితది. మనవాళ్ల పాస్‌వర్డులన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఊరి పేరు, @, పిన్‌కోడ్. "ఓరుగల్లు@506002" అనుకోండి. కనెక్షన్ వివరాలు విడివిడిగా ఇచ్చే చోట దీనితో ఇబ్బంది లేదు. ఒకే యూఆర్ఎల్‌గా రాసే చోటే చిక్కు. అక్కడ యూజర్, కోలన్, పాస్‌వర్డ్, @, హోస్ట్ అన్న వరుస ఉంటుంది. పాస్‌వర్డ్‌లోనే @ ఉంటే కొన్ని లైబ్రరీలు అక్కడే పాస్‌వర్డ్ అయిపోయిందనుకుని "506002@లోకల్‌హోస్ట్" అనే సర్వర్‌ను వెతకడానికి బయల్దేరతాయి. ఎర్రరేమో హోస్ట్ దొరకలేదని వస్తుంది. మీరేమో డీఎన్ఎస్‌ను తిడుతుంటారు.

యూఆర్ఎల్‌లో @ బదులు %40, # బదులు %23, % గుర్తుకు %25 రాయాలి. కోలన్, స్లాష్, ప్రశ్నార్థకాలకూ ఇలాంటి రూపాలున్నాయి. చేత్తో రాయకుండా మీ భాషలోని యూఆర్ఎల్ ఎన్‌కోడ్ ఫంక్షన్‌కు అప్పగించండి.

డాట్ ఎన్వ్ ఫైల్లో # విషయం వేరు. చాలా లైబ్రరీలు అక్కడి నుంచి లైను చివరిదాకా కామెంట్ అనుకుంటాయి. విలువ మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి. డబుల్ కోట్స్‌లో $ ఉంటే అది వేరియబుల్ అని పొరబడే చోట్లూ ఉన్నాయి, అక్కడ సింగిల్ కోట్స్ వాడాలి. నా సలహా అడిగితే, డేటాబేస్ పాస్‌వర్డ్ మనిషి గుర్తుపెట్టుకోవాల్సింది కాదు కాబట్టి అక్షరాలు, అంకెలతోనే పొడవుగా జనరేట్ చేసుకోండి. ఈ తలనొప్పే ఉండదు.

మా ల్యాప్‌టాప్‌ల నడిచింది, హోస్టింగ్‌ల పెట్టంగనే అన్‌నోన్ డేటాబేస్ అంటంది.

సీప్యానెల్ ఉన్న షేర్డ్ హోస్టింగ్‌లో డేటాబేస్ పేరుకూ యూజర్ పేరుకూ ముందు మీ ఖాతా పేరు, ఒక అండర్‌స్కోర్ చేరుతాయి. మీరు "స్కూల్" అని టైప్ చేసినా అసలు పేరు అది కాదు. ప్యానెల్‌లో చూపిస్తున్న పూర్తి పేరును కాపీ చేసుకోండి. యూజర్‌ను తయారుచేయడంతో పని అయిపోదు, ఆ యూజర్‌ను డేటాబేస్‌కు జతచేసి హక్కులివ్వాలి. ఆ మెట్టు మర్చిపోతే 1044 వస్తుంది. వర్డ్‌ప్రెస్ అయితే ఈ గొడవలన్నిటికీ ఒకే వాక్యం చూపిస్తుంది, "ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్" అని. డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్లో పేరు, యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్ నాలుగూ ఆ వరుసలోనే చూసుకోవాలి.

కనెక్ట్ అయ్యాక "టేబుల్ లేదు" అని వస్తే అక్షరాల సైజు చూడండి. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) తేడా చూడదు, లినక్స్‌లో చూస్తుంది. పోస్ట్‌గ్రెస్‌ది ఇంకో పద్ధతి. కోట్స్ లేకుండా తయారుచేసిన పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చేస్తుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో మీరు పెద్దబడిలో రాస్తే ఆ డేటాబేస్ లేదంటుంది.

డాకర్‌ల పెట్టినంక లోకల్‌హోస్ట్ నడుస్తలేదు.

డాకర్‌లో ఒక్కో ప్రోగ్రామ్ కంటెయినర్ అనే విడి గదిలో నడుస్తుంది. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. మీ అప్లికేషన్ తనలో తానే డేటాబేస్‌ను వెతుక్కుంటోంది. కంపోజ్ ఫైల్లో (కంటెయినర్ల వివరాలు రాసే ఫైల్లో) డేటాబేస్ సర్వీస్‌కు ఏ పేరు పెట్టారో అదే హోస్ట్ పేరు. పోర్ట్ కూడా చూసుకోండి. కంపోజ్‌లో 3307:3306 అని ఉంటే, మీ ల్యాప్‌టాప్ నుంచి 3307, పక్క కంటెయినర్ నుంచి మాత్రం 3306.

మొదటిసారి ఎర్రర్ వచ్చి, రెండోసారి రీస్టార్ట్ చేస్తే నడుస్తోందంటే, డేటాబేస్ పూర్తిగా లేవకముందే అప్లికేషన్ వెళ్లింది. "డిపెండ్స్ ఆన్" అని ఉత్తినే రాస్తే కంటెయినర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, డేటాబేస్ సిద్ధమయ్యేదాకా కాదు. హెల్త్‌చెక్ పెట్టి, సర్వీస్ హెల్తీ అయ్యాకే అన్న షరతు రాయాలి.

ఇంకొకటి జుట్టు పీక్కునేలా చేస్తుంది. కంపోజ్ ఫైల్లో రూట్ పాస్‌వర్డ్ మార్చినా పాతదే పనిచేస్తుంటుంది. ఆ విలువను మైఎస్‌క్యూఎల్ ఇమేజ్, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే వాడుకుంటుంది. పాత వాల్యూమ్ (ఆ డేటాను డాకర్ దాచే చోటు) ఉన్నంతకాలం పాత పాస్‌వర్డే. డేటా అక్కర్లేకపోతే వాల్యూమ్ తీసేయండి. కావాలంటే లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి.

పోస్ట్‌గ్రెస్‌ల "పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అంటే?

ఉబుంటులో హోస్ట్ చెప్పకుండా కనెక్ట్ అయితే పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ అడగదు. లినక్స్‌లో మీరు లాగిన్ అయిన పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని మాత్రం చూస్తుంది. హోస్ట్‌గా 127.0.0.1 ఇస్తే పాస్‌వర్డ్ దారిలోకి వస్తుంది.

ఎవరు ఎక్కడి నుంచి ఎలా రావాలన్నది పీజీ హెచ్‌బీఏ కాన్ఫ్ అనే ఫైల్లో ఉంటుంది. దాన్ని పైనుంచి కిందికి చదువుతూ, సరిపోయిన మొదటి లైను దగ్గరే సర్వర్ ఆగిపోతుంది. అది ఒప్పుకోకపోతే కింది లైను చూద్దామనుకోదు. అందుకే ఫైలు చివర కొత్త లైను చేర్చి ఏమీ మారలేదనేవాళ్లు పైన ఏముందో చూసుకోవాలి. ఈ ఫైలు మారిస్తే రీలోడ్ చాలు. బయటి మెషీన్లనుంచి రావాలని "లిజన్ అడ్రసెస్" మారిస్తే మాత్రం రీస్టార్ట్ కావాలి.

"ఆథెంటికేషన్ టైప్ 10 నాట్ సపోర్టెడ్" అని జావాలో వస్తే డ్రైవర్ పాతది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డులు డీఫాల్ట్‌గా స్క్రామ్ పద్ధతిలో ఉంటాయి, జేడీబీసీ డ్రైవర్ 42.2.0కు ముందువాటికి అది తెలియదు.

సీనియర్ల ప్రాజెక్ట్ తీసుకున్న, కొత్త మైఎస్‌క్యూఎల్‌తోని ప్లగిన్ ఎర్రర్ వస్తంది.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త యూజర్లకు డీఫాల్ట్ లాగిన్ పద్ధతి మారింది. పాత లైబ్రరీలకు అది రాదు. నెట్‌లో దొరికే సలహా, యూజర్‌ను పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతికి మార్చమని. అది 8.4లో డీఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, 9.0లో తీసేశారు. లైబ్రరీని అప్‌డేట్ చేయడమే దారి. నోడ్‌లో అయితే పాత మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ బదులు మైఎస్‌క్యూఎల్2 వాడండి. జావాలో "పబ్లిక్ కీ రిట్రీవల్" ఒప్పుకోనంటే డెవలప్‌మెంట్ మెషీన్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేయొచ్చు, ప్రొడక్షన్‌లో ఎస్ఎస్ఎల్ పెట్టాలి.

దుకాణంల పొద్దున మొదటి బిల్లు కొట్టంగనే ఎర్రర్, రెండోసారి కొడితే అయితది.

పరకాల వైపు ఎరువుల దుకాణాల్లాంటివి ఊహించుకోండి. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించుతారు, పొద్దున తొమ్మిదికి ఎత్తుతారు. కంప్యూటర్ ఆపరు. అప్లికేషన్ చేతిలో రాత్రి తెరిచిన కనెక్షన్ అలాగే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం పనిలేని కనెక్షన్‌ను 28800 సెకన్లకు, అంటే ఎనిమిది గంటలకు తెంపేస్తుంది. పన్నెండు గంటల తర్వాత వచ్చే మొదటి బిల్లు ఆ తెగిన తీగ మీద వెళ్లి "సర్వర్ హాజ్ గాన్ అవే" తో వెనక్కి వస్తుంది.

ఆ గడువును పెంచడం మంచి మందు కాదు. పూల్‌లో (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపులో) కనెక్షన్ గరిష్ఠ వయసును సర్వర్ గడువు కన్నా తక్కువ పెట్టండి. జావాలో వాడే హికారీసీపీ పూల్‌లో అది మామూలుగా 30 నిమిషాలు, దాన్ని ఎవరూ పెంచకుండా ఉంటే చాలు. క్లౌడ్‌లో అయితే మధ్యలోని నెట్‌వర్క్ పరికరాలు ఇంకా ముందే తెంపుతాయి. ఏడబ్ల్యూఎస్ నాట్ (NAT) గేట్‌వే 350 సెకన్లకే వదిలేస్తుంది.

టూ మెనీ కనెక్షన్స్ వస్తే లిమిట్ పెంచితే అయిపోతది కదా?

కాసేపటికి అయిపోతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. మైఎస్‌క్యూఎల్ మామూలు హద్దు 151, పోస్ట్‌గ్రెస్‌ది 100. మేడారం జాతరకు వాహనాలు బుక్ చేసే సైటు ఒకటి రాశారనుకుందాం. రెండు సర్వర్లు, ఒక్కోదాంట్లో కోర్‌కు ఒకటి చొప్పున ఎనిమిది ప్రాసెసులు, ఒక్కో ప్రాసెస్‌లో 10 కనెక్షన్ల పూల్. పెట్టినవాళ్ల దృష్టిలో పూల్ పదే. డేటాబేస్ దృష్టిలో 160. రద్దీ వచ్చి పూల్స్ అన్నీ నిండిన రోజు హద్దు దాటుతుంది. మామూలు రోజుల్లో అన్నీ నిండవు కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు.

ముందు ఈ గుణకారం చేయండి. హద్దులోపలే ఉండాల్సి ఉండి కూడా ఎర్రర్ వస్తే ఎక్కడో కనెక్షన్ తీసుకుని తిరిగివ్వడం లేదు. సాధారణంగా అది ఎక్సెప్షన్ వచ్చిన దారిలో ఉంటుంది, క్లోజ్ అన్న లైను దాకా కోడ్ వెళ్లదు. ప్రాసెస్ లిస్ట్ తీసి చూస్తే స్లీప్‌లో ఉన్నవి గుట్టగా కనబడతాయి. ప్రతి రిక్వెస్ట్‌కు కొత్త పూల్ తయారుచేసే కోడ్ కూడా విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనబడుతుంది. పూల్ అప్లికేషన్ మొత్తానికి ఒక్కటే ఉండాలి.

"కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, 30000 మిల్లీసెకన్లు" అని హికారీ అంటే అది డేటాబేస్ మాట కాదు, మీ పూల్ మాట. అప్పుడు సర్వర్ హద్దు పెంచినా పైసా లాభం లేదు.

కరెంటు పోయి వచ్చినంక జాంప్‌ల మైఎస్‌క్యూఎల్ లేస్తలేదు.

ఏ పని చేసేముందైనా డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోట కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత అందులోని ఎర్రర్ లాగ్ చివరి లైన్లు చదవండి. నెట్‌లో కనబడే సలహా, బ్యాకప్ ఫోల్డర్‌లోవి తెచ్చి డేటాలో పెట్టమని. ఆ బ్యాకప్ మీ డేటాది కాదు, జాంప్ కొత్తగా వేసినప్పటి ఖాళీ సరుకు. అందులోని ఐబీడేటా1 ఫైలును మీ దాని మీద వేస్తే సర్వర్ లేస్తుంది గానీ టేబుళ్లు తెరుచుకోవు.

ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అనే సెట్టింగ్ 1 నుంచి 6 దాకా ఉంటుంది. 1తో మొదలుపెట్టి, సర్వర్ లేచిన వెంటనే డంప్ (డేటా మొత్తం రాసిన కాపీ ఫైలు) తీసుకుని, కొత్త ఇన్‌స్టలేషన్‌లోకి ఎక్కించండి. 4, ఆపైన పెడితే డేటా ఫైళ్లు శాశ్వతంగా చెడిపోవచ్చు. అసలు జాంప్ అన్నది నేర్చుకోవడానికి, రాసుకోవడానికి. దుకాణం బిల్లింగ్ దాని మీద నడిపితే కనీసం యూపీఎస్, రోజూ రాత్రి ఒక డంప్ ఉండాల్సిందే. డబ్బులు తీసుకుని రాసిచ్చినవాళ్లు ఇది చెప్పకపోవడం అన్యాయం.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వేరే సిస్టమ్ నుంచి దొరుకుతలేదు.

ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ ఐపీ ఆపేసి వస్తుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. పేరున్న ఇన్‌స్టెన్స్ కాబట్టి పోర్ట్ 1433 కాకపోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీస్ నడవాలి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 1434 తెరవాలి, లేదా పోర్ట్‌ను మీరే స్థిరంగా పెట్టాలి. కొత్త డ్రైవర్లతో సర్టిఫికెట్ నమ్మలేనంటే, ఎన్‌క్రిప్షన్ ఇప్పుడు డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉండటమే కారణం. "ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్" సొంత ల్యాప్‌టాప్ వరకే.

దోస్తులు కూడ కనెక్ట్ కావాలని బైండ్ అడ్రస్ 0.0.0.0 పెట్టిన. మంచిదేనా?

అలా పెడితే డేటాబేస్ బయటి మెషీన్ల నుంచి వచ్చే పిలుపులూ వింటుంది. ల్యాబ్‌లో, రౌటర్ వెనక అయితే నడుస్తుంది. ఇంటర్నెట్‌లో ఉన్న సర్వర్‌లో అయితే వద్దే వద్దు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉంచిన మోంగోడీబీలు వేల సంఖ్యలో ఖాళీ అయిపోయాయి. డేటా తుడిచేసి, బిట్‌కాయిన్ పంపితే తిరిగిస్తామని ఒక చీటీ వదిలిపోయారు. ఆ ఏడాదే వచ్చిన మోంగోడీబీ 3.6 నుంచి అది డీఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వింటుంది. దూరం నుంచి పనిచేయాలంటే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్ లాగిన్ మీదుగా వెళ్లే భద్రమైన దారి) వాడండి. డేటాబేస్ పోర్ట్ బయటికి కనబడక్కర్లేదు.

డాట్ ఎన్వ్ ఫైల్ గిట్‌హబ్‌కు పోయింది. డిలీట్ చేసిన. ఇంకేమన్న చెయ్యాలెనా?

డిలీట్ చేసినా పాత కమిట్‌లో ఉంది, ఎవరైనా వెనక్కి వెళ్లి చదవొచ్చు. ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి, ఇప్పుడే, మిగతాది చదవకముందే. అదే ఫైల్లో ఈమెయిల్, పేమెంట్, ఎస్ఎంఎస్ కీలు ఉంటే అవీ మార్చాలి. తర్వాత గిట్ ఇగ్నోర్‌లో ఆ ఫైలు పేరు చేర్చి, ఖాళీ విలువలతో ఒక నమూనా ఫైలు పెట్టండి. చరిత్ర తుడవడం ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

అన్నా, ఇయ్యన్ని చూసినంక కూడ కాకపోతే మెసేజ్ ఎట్ల పెట్టాలె?

స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపొద్దు, సగం లైను బయటే ఉండిపోతుంది. ఎర్రర్‌ను అక్షరాలుగా మొత్తం కాపీ చేయండి. అప్లికేషన్ ఎక్కడ నడుస్తోంది, డేటాబేస్ ఎక్కడుంది, రెండింటి వెర్షన్లేంటి, కమాండ్ లైన్ నుంచి లాగిన్ అయిందా లేదా, చివరిసారి నడిచినప్పటి నుంచి ఏం మారింది, ఇవి రాయండి. హోస్ట్, పోర్ట్, యూజర్ ఉంచి పాస్‌వర్డ్‌ను చుక్కలతో కప్పండి. దాంట్లో @, #, % లాంటివి ఉన్నాయో లేదో మాత్రం చెప్పండి.